చచ్చినోళ్ళకి పసుపు, బతికున్నోళ్ళకి ఆకుపచ్చ

మా టౌను చరిత్ర రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. గుడి ఎవరు కట్టించారో, మొదటి రైసుమిల్లు ఎవరిదో, ఉప్పు సత్యాగ్రహంలో ఎవరెవరు జైలుకెళ్ళారో, నాటక సమాజం ఎప్పుడు పుట్టిందో అన్నీ రాశారు. మునిసిపాలిటీ ఉత్సవాలకు వేసిన సావనీరులో మా వాడ పేరు ఒకే ఒక్కచోట కనపడుతుంది. అదీ చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డ పారిశుధ్య కార్మికుల ఫొటో కింద. మేం ఎప్పుడొచ్చాం, ఎందుకొచ్చాం, వచ్చి కాలవ గట్టు మీదే ఎందుకు కూచున్నాం అన్నది ఎవరికీ చరిత్రగా తోచలేదు.

మా చరిత్ర కాయితం మీద ఉన్నది మూడు చోట్లే. ఒకటి, రెవెన్యూవాళ్ళు మా మీద రాసిన బి-మెమోలు. రెండు, ఓటర్ల జాబితా. మూడు, పట్నం మాస్టర్ ప్లాను. మొదటిది మమ్మల్ని ఆక్రమణదారులంది. రెండోది పౌరులంది. మూడోది అసలు మేం లేమంది. ఆ మూడోదాన్ని మావాళ్ళు అన్నిటికన్నా ఆలస్యంగా చూశారు. మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ నష్టపెట్టిందీ అదే. అందుకే దాని గురించి రాస్తున్నాను.

ఊరి పేరు రాయడం లేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక మునిసిపల్ టౌను. రైలు కట్ట దాటి, కాలవ గట్టు పట్టుకుని నడిస్తే మా వాడ. మీ టౌను పేరు పెట్టుకుని చదివినా పెద్ద తేడా రాదు.

మా తాత పల్లెలో చెప్పులు కుట్టేవాడు. ఏడాది పొడుగునా ఆసాములకి చెప్పులు, వార్లు కుట్టిపెడితే కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. ఒక ఏడు మేర ఎగ్గొట్టారు. తాత అడిగాడు. అడిగినందుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇల్లు ఆయన కట్టుకున్నదే. ఇంటి కింద నేల మాత్రం ఆసామిది. తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని పట్నం వచ్చేశారు. సంవత్సరం నాయనమ్మకి తెలియదు గానీ, తొలి ఓటు ఈ కాలవ గట్టు మీదనుంచే వేశానని చెప్పేది. అంటే 1952 ఎన్నికల నాటికే మేం ఇక్కడున్నాం.

ఇంటి కింద నేల దొరది కావడం అన్న కథ మా తాత ఒక్కడిదే కాదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికలో ఇదే చెప్పాడు. మాల మాదిగల్లాంటి కులాల గుడిసెల కింద నేల మిరాసీదారుల చేతిలో ఉందనీ, ఎదురుతిరిగినవాణ్ణి వెళ్ళగొట్టడానికి అది చాలుననీ అతను గుర్తించాడు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ మద్రాసు కిందే ఉన్నాయి. అంటే ఇళ్ళస్థలం అన్నది మనకి నీడకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. నోరెత్తగలమా లేదా అన్నది దాంతోనే తేలుతుంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెటూళ్ళని పొగిడేవాళ్ళని నిలదీశాడు. పల్లె మనకేం చేసిందో ఆయనకి తెలుసు. పట్నం పోతే కులం కొంత వదులుతుందని మన పెద్దలు నమ్మారు. నమ్మి వచ్చారు. పట్నంలో అద్దె కొంప అడిగితే ముందు కులం అడిగారు. స్థలం కొనడానికి డబ్బు లేదు. మిగిలింది ఏమిటి? కాలవ గట్టు, రైలు కట్ట పక్క, చెరువు అంచు, శ్మశానం వార, చెత్తదిబ్బ పక్క. ఎవరికీ అక్కర్లేని చోటు మనకి దక్కింది. పల్లెలో వెలివాడని ఊరి పెద్దలు దగ్గరుండి చూపించేవాళ్ళు. పట్నంలో ఎవరూ చూపించలేదు. మిగతా చోట్లన్నీ మూసేస్తే మావాళ్ళ కాళ్ళే అటు నడిచాయి.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా అంతే. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ వైపునుంచి కొన్ని కుటుంబాలు మా గట్టు మీదకి వచ్చాయి. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపితే మిగిలినవాళ్ళు చీరాలకి పరుగెత్తారు. చివరికి అక్కడే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. పల్లె తరిమినవాణ్ణి పట్నం తన అంచున కూచోబెడుతుంది. ఏ టౌనైనా తీసుకోండి, దాని శివారు పేటలు ఒక్కొక్కటీ ఏదో ఒక పల్లెలో జరిగిన అన్యాయానికి గుర్తు.

ఇక కాయితాల సంగతి.

1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణ చట్టం చేసింది. సర్కారు నేలలో ఉన్నవాడికి 7వ సెక్షను కింద నోటీసు, 6వ సెక్షను కింద ఖాళీ చేయింపు. ఖాళీ చేయించేదాకా శివాయిజమా వసూలు. ఆ చట్టం ఇన్నేళ్ళలో పేరు మార్చుకుంది గానీ పని మార్చుకోలేదు. మా నాయనమ్మ ఆ శివాయిజమా రసీదుల్ని గుడ్డలో చుట్టి కుండలో దాచేది. ఆమె దృష్టిలో అవి పన్ను కట్టిన రసీదులు, మేం ఇక్కడ ఉన్నామనడానికి సాక్ష్యం. తాసీల్దారు దృష్టిలో అవి మేం నేరం చేసినట్టు మేమే ఒప్పుకున్న కాయితాలు. ఊరి నడుమ ఇల్లున్నవాణ్ణి ఎవరూ పట్టా అడగరు, అది గ్రామకంఠం. కాలవ గట్టు మీద ఇల్లున్నవాణ్ణి అడుగుతారు, అది పోరంబోకు. మధ్యలో తేడా చేసింది సర్వే నంబరు. ఎవరు ఏ సర్వే నంబరులో ఉండాలో తేల్చింది కులం.

1920లో మద్రాసులో రెండు పనులు జరిగాయి. ఒకటి, అణగారిన కులాలకి ఇళ్ళస్థలాలూ బావులూ చూసేందుకు లేబర్ డిపార్ట్‌మెంటు పెట్టారు. రెండోది, మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మునిసిపల్ పట్నాల మాస్టర్ ప్లాన్లకి పునాది ఈ చట్టమే. ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం. పట్నం ఎట్లా ఉండాలన్నది ఒక బల్ల మీద, మాల మాదిగలు ఎక్కడ ఉండాలన్నది ఇంకో బల్ల మీద. ఆ రెండు బల్లలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. టౌన్ ప్లానింగ్ చట్టం మాట్లాడేది స్థల యజమానితో. స్కీముకి నోటీసు యజమానికి, నష్టం వస్తే పరిహారం యజమానికి. యజమాని కానివాడు ఆ చట్టంలో తుడిచెయ్యాల్సిన మురికివాడగా మాత్రమే కనపడతాడు.

మా టౌనుకి మాస్టర్ ప్లాను తయారుచెయ్యడానికి సర్వే మొదలైంది నా చిన్నతనంలో. వరసకి చిన్నాన్న అయ్యే ఒకాయన దినకూలీ మీద ఆ సర్వేలో గొలుసు కొస పట్టాడు. మా వాడని కొలిచిన గొలుసు పట్టుకున్నది మా వాడవాడే. చాలా ఏళ్ళ తర్వాత ఆయన్ని అడిగాను, "మన ఇళ్ళు కొలిచారా చిన్నాన్నా?" అని. "ఇళ్ళెక్కడ కొలిచారురా అబ్బాయ్! గట్టు కొలిచారు. గొలుసుకి అడ్డమొస్తే దడి పీకించారు, కొలవడం అయ్యాక మళ్ళా కట్టుకోమన్నారు" అన్నాడు. అప్పటికి ఆ గట్టు మీద నూటికి పైగా గుడిసెలున్నాయి. మాపులో మాత్రం గట్టే ఉంది.

ఆ మాపుని నేను మొదటిసారి చూసింది డిగ్రీ చదివే రోజుల్లో. విద్యార్థి సంఘం తరఫున వాడకి నీళ్ళ పంపు అడగడానికి మునిసిపల్ ఆఫీసుకెళ్ళాం. టౌన్ ప్లానింగ్ సెక్షను గోడ మీద రంగుల బొమ్మ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇళ్ళకి పసుపు, వ్యాపారానికి నీలం, ఫ్యాక్టరీలకి ఊదా, ఆఫీసులకీ బడులకీ ఎరుపు, పార్కులకి ఆకుపచ్చ. ఎవరి ఇల్లు ఏ రంగులో ఉందో వెతుక్కున్నాం. పెద్ద బజారు నీలం. మిల్లులున్న చోటు ఊదా. బ్రాడీపేటలాగా మేడలున్న పేటలన్నీ పసుపు. కాలవ నీలిగీత పక్కన వేలు పెట్టి నడిపిస్తే మా వాడ వచ్చింది. ఆకుపచ్చ. పార్కు. దాని మధ్యలోంచి రెండు సన్నగీతలు, అరవై అడుగుల రోడ్డు.

వాడ వెనక మా బొందలగడ్డ ఉంది. మా తాత అక్కడే ఉన్నాడు. అది పసుపు, నివాస ప్రాంతం. ఎందుకంటే దాన్నానుకుని ఉన్నవి పెద్దవాళ్ళ మాగాణి పొలాలు. రేపు అక్కడ ప్లాట్లు వెయ్యాలి.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మకి అక్షరం రాదు. అంతా విని, "చచ్చినోళ్ళ చోటుకి పసుపు పూసి, బతికున్నోళ్ళ నెత్తిన గడ్డి మొలిపించారా? ఆ బొమ్మ గీసినోడికి కళ్ళున్నయ్యా నాయనా?" అంది. ప్లానింగు మీద ఇంతకన్నా సూటి విమర్శ నేను తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ చూడలేదు.

రంగు వేస్తే ఏమవుతుందని కొత్తవాళ్ళు అడుగుతారు. ఏమవుతుందో వరసగా చెప్తాను. ఇల్లు పక్కాగా కట్టుకోవాలంటే ప్లాను మంజూరు కావాలి. మంజూరు కావాలంటే ఆ చోటు నివాస జోనులో ఉండాలి. మాది పార్కు జోను. 1983 తర్వాత పక్కా ఇళ్ళ పథకాలొచ్చినప్పుడు పట్టా అడిగారు. పట్టాకి తాసీల్దారు దగ్గరికి పోతే, "మాస్టర్ ప్లానులో పార్కు కదా, ఇవ్వడానికి వీల్లేదు" అన్నాడు. మునిసిపాలిటీకి పోతే, "మీకు పట్టా లేదు కదా, జోను ఎట్లా మారుస్తాం?" అన్నారు. బ్యాంకు అప్పు లేదు. డ్రైనేజీ లేదు, ఎందుకంటే పార్కుకి డ్రైనేజీ అక్కర్లేదు. ఇంటి పన్ను మాత్రం వేశారు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని వాళ్ళే చెప్పారు. ఇంతా చేసి పార్కు వేశారా? ఒక్క మొక్క నాటలేదు. ఆ ఆకుపచ్చ మా కోసం గీసింది కాదు, పిల్లల ఆట కోసం గీసిందీ కాదు. అవసరమైన రోజున మమ్మల్ని లేపడానికి అట్టేపెట్టుకున్న రంగు.

జోను మారదు, చట్టం ఒప్పుకోదు అని మాకు చెప్పిన రోజుల్లోనే, మా వెనక పొలాల జోను మారింది. ప్లానులో లేత ఆకుపచ్చలో, అంటే వ్యవసాయ జోనులో మిగిలిన మాగాణి అది. భూమి హక్కుదారు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫీజు కట్టాడు. ముసాయిదా మార్పు గెజిట్లో పడింది. అభ్యంతరాలకి 15 రోజుల గడువు. ఆ పదిహేను రోజుల్లో గెజిట్ చదివినవాళ్ళు మా వాడలో ఎవరూ లేరు. టౌను మొత్తంలో ఎవరైనా ఉన్నారా అని నాకు అనుమానమే. గడువు అయిపోయింది, జీవో వచ్చింది, మాగాణి నివాస ప్రాంతం అయింది. పద్ధతి అంతా చట్టప్రకారమే. నేను అనేది అదే. జోను మార్చడమన్నది చట్టంలో ఉన్న దారే. ఆ దారికి ఒక వాకిలి ఉంది, దానికి తాళంచెవి పట్టా. పట్టా ఉన్నవాడు కోరితే దాని పేరు భూవినియోగ మార్పు. పట్టా లేనివాడు అదే నేల మీద నలభై ఏళ్ళు కాపరం చేసినా దాని పేరు ఆక్రమణ.

లేఅవుట్ వేసేవాడు పదోవంతు స్థలం ఉమ్మడి ఖాళీగా వదలాలని నియమం. మా వెనక లేఅవుట్లోనూ కాయితం మీద వదిలారు. కొన్నాళ్ళకి ఆ ఖాళీలో సగం గుడికి, సగం ప్లాట్లకి పోయింది. వాళ్ళు పోగొట్టుకున్న పార్కు మాపులో మా ఇళ్ళ మీద క్షేమంగా ఉంది. తర్వాత లేఅవుట్ చుట్టూ గోడ లేచింది. బొందలగడ్డకి పోయే దారి మూసుకుపోయింది. శవాన్ని మోసుకుని రైలు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవాల్సొచ్చేది. గోడ ఎందుకంటే, "సెక్యూరిటీ కోసం" అన్నారు. ఎవరినుంచి సెక్యూరిటీ అని అడగనక్కర్లేదు కదా.

2007 డిసెంబరు 31న రాష్ట్ర ప్రభుత్వం ఒకే రోజు రెండు జీవోలు ఇచ్చింది, 901, 902. మొదటిది అనుమతి లేకుండా కట్టిన ఇళ్ళకి, రెండోది అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లకి. జరిమానా కడితే క్రమబద్ధం. మేడ మీద మేడ వేసినవాడు, రోడ్డు మీదకి బాల్కనీ తోసినవాడు, లేఅవుట్ అనుమతి లేకుండా ఎకరాలు ముక్కలు చేసి అమ్మినవాడు అందరూ గంగలో మునిగి తేలారు. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి పథకాలు మళ్ళా మళ్ళా వచ్చాయి. షరతు ఒకటే, రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అంటే ప్లాను ఉల్లంఘించడం తప్పు కాదన్నమాట. దస్తావేజు లేకుండా ఉల్లంఘించడమే తప్పు.

మనకేం ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. దాచిపెట్టను. 2008లో జీవో 166 వచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2014 చివర తెలంగాణలో జీవో 58, 2015లో ఆంధ్రలో జీవో 296 వచ్చాయి. సర్కారు నేలలో ఇళ్ళేసుకున్న పేదలకి ఒక కొలత దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ. చాలామందికి పట్టాలు వచ్చాయి, సంతోషమే. మావాళ్ళు కూడా దరఖాస్తులు పెట్టారు. తిరిగొచ్చాయి. ఎందుకంటే ఆ జీవోలు వర్తించేది "అభ్యంతరం లేని" పోరంబోకుకి. కాలవ గట్టు, చెరువు శిఖం, రోడ్డు మార్జిను, శ్మశానం వార, ఇవన్నీ "అభ్యంతరకరం". ఒక్కసారి ఆ జాబితాని, మనవాళ్ళు ఎక్కడెక్కడ గుడిసెలేసుకోగలిగారో ఆ జాబితాని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే. ముందు కులం అభ్యంతరకరమైన చోటుకి తోసింది. తర్వాత చట్టం, ఆ చోటు అభ్యంతరకరం గనక హక్కు లేదంది. ఎక్కడా కులం పేరు రాయలేదు. రాయాల్సిన అవసరమే రాలేదు.

కులం పేరు రాయకుండా కులం పని చేయించడం ప్లానింగుకి కొత్త విద్య కాదు. అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర చదివినవాళ్ళకి ఇది తెలుసు. 1910లో బాల్టిమోర్ నగరం, నల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో తెల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో బాహాటంగా చట్టం రాసింది. లూయివిల్ నగరం చేసిన అట్లాంటి చట్టాన్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. 1926లో అదే కోర్టు యూక్లిడ్ అనే ఊరి కేసులో మామూలు జోనింగుని ఒప్పుకుంది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు రంగు మాటెత్తకుండా, ఈ జోనులో ఇంత పెద్ద స్థలంలో ఒక కుటుంబానికి ఒక ఇల్లే కట్టాలి అని రాసుకున్నాయి. అంత స్థలం కొనలేనివాడు ఎవడో అందరికీ తెలుసు. మనకి ఆ మొదటి రకం చట్టం కూడా అక్కర్లేకపోయింది. ఆ పని వెలివాడ వేల ఏళ్ళుగా చేస్తూనే ఉంది.

ఇక మన కళ్ళముందటి సంగతి, అమరావతి. రాజధాని మాస్టర్ ప్లానులో నివాస జోన్లు ఆర్1 నుంచి ఆర్4 దాకా ఉండేవి. 2023 మార్చిలో ఆర్5 అని కొత్తది చేర్చారు. గుంటూరు, విజయవాడ వైపు పేదలు యాభై వేలమందికి పైగా ఒక్కో సెంటు. రాజధాని రైతులు కోర్టుకెళ్ళారు. చట్టం మాటిచ్చి మా భూములు తీసుకున్నారు, ఆ ప్లానుని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు అన్నది వాళ్ళ వాదన. ఆ రైతుల్లో దళితులూ ఉన్నారు. వాళ్ళ అసైన్డు భూములకి పట్టా భూములకన్నా తక్కువ లెక్క కట్టిన సంగతీ ఉంది. ఇంకోవైపు, పేదలొస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందని కోర్టులో వాదించారని అప్పటి ముఖ్యమంత్రి సభ సభకీ చెప్పాడు. 2023 మేలో సుప్రీంకోర్టు తుది తీర్పుకి లోబడి పట్టాలు పంచుకోనిచ్చింది. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ళ నిర్మాణం ఆపింది. 2024లో ప్రభుత్వం మారింది. పట్టా పుచ్చుకున్న ఆడవాళ్ళకి ఆ నేల మీద ఇల్లు లేవలేదు.

ఈ గొడవలో మనల్ని ఇటో అటో నిలబడమన్నారు. నాకు మాత్రం రెండు పక్షాలనీ అడగాల్సింది ఒకటుంది. సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల ఇళ్ళకి ఉండాలని 2014 నాటి సీఆర్‌డీఏ చట్టంలోనే ఉంది. ఆ 5 శాతాన్ని ఆర్3లో, ఆర్4లో, ఆఫీసుల పక్కన, బడుల పక్కన కలిపి మొదటి రోజే ఎందుకు గీయలేదు? తర్వాత వచ్చినవాళ్ళు పేదలకి వేరే రంగు, వేరే నంబరు ఎందుకు వేశారు? ఒకరు రావొద్దన్నారు. ఇంకొకరు రమ్మని విడిగా కూచోమన్నారు. పల్లెలో పుట్టినవాళ్ళకి ఈ రెండు మర్యాదలూ తెలిసినవే.

కోర్టుల్లో మనకి ఏ ఆధారమూ లేదని అనుకోవద్దు. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ళ కోసం అత్యవసరం కింద భూమి తీసుకుంటే భూస్వాములు అడ్డుపడ్డారు. నివాసం జీవించే హక్కులో భాగమనీ, దళితులకి ఇళ్ళు అత్యవసరమేననీ కోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన తెలుగువాడు. ఇంకో సంగతి. 1993 జూన్ 1నుంచి అమల్లోకొచ్చిన 74వ సవరణ, పన్నెండో షెడ్యూలు చేర్చింది. అందులో మునిసిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల జాబితాలో మొట్టమొదటిదే పట్నం ప్లానింగు. మన రిజర్వుడు వార్డు కౌన్సిలర్లు వీధిలైట్ల గురించి మాట్లాడినంత, మాస్టర్ ప్లాను గురించి మాట్లాడరు. మాట్లాడనివ్వరు కూడా. ప్లాను ఖరారు చేసే అధికారం పైనే పెట్టుకున్నారు.

మా టౌను ప్లాను సవరించే పని కొన్నేళ్ళ కిందట మళ్ళా మొదలైంది. ఈసారి గొలుసులు లేవు, ఉపగ్రహం ఫొటోలు. పైనుంచి చూస్తే మా రేకుల కప్పులు కనపడక తప్పలేదు. ఈసారి మేం కూడా చూశాం. ముసాయిదా బయటపడ్డ వారంలో వాడ యువకులు ఇల్లిల్లూ తిరిగారు. నాయనమ్మ కుండలోని శివాయిజమా రసీదులు, ఇంటి పన్ను రసీదులు, పాత ఓటర్ల జాబితా, కరెంటు బిల్లులు, బడి రిజిస్టరు నకళ్ళు, అన్నీ కలిపి ఇంటికొక అభ్యంతరం రాయించారు. మా మాపు మేమే గీసుకున్నాం. ఇల్లు, బావి, చర్చి, వేపచెట్టు, బొందలగడ్డ, మూసిన దారి.

విచారణ రోజున ఒక ఆఫీసరు, "ఇది నివాసంగా వాడుతున్నారనడానికి రుజువేమిటి?" అన్నాడు. వాడలో ముసలామె ఒకామె లేచి, "మా పొయ్యిలో బూడిద ఉంది బాబూ, వచ్చి చూసుకోండి. మూడు తరాల బూడిద" అంది. ఆయన తల దించుకుని ఏదో రాసుకున్నాడు.

ఫలితం చెప్పాలి. బొందలగడ్డ మళ్ళా శ్మశానంగా మాపులోకెక్కింది. వాడలో వెనక భాగం పసుపు అయింది. అరవై అడుగుల రోడ్డు మాత్రం అట్లాగే ఉంది, ముందు వరస ఇళ్ళ మీదనుంచి. అందులో అమ్మ ఇల్లు ఒకటి. అటు పక్క, రోడ్డుకి స్థలం పోయే మేడలవాళ్ళకి టీడీఆర్ బాండు ఇస్తామన్నారు. బాండు ఉంటే ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బాండుకి పట్టా కావాలి. మా వరసకి చెప్పింది, ఊరవతల అపార్టుమెంట్లకి పొమ్మని. మా వాడలో ఆడవాళ్ళు సగంమంది తెల్లారగట్ల నాలుగున్నరకి చీపురు పట్టుకుని పెద్దబజారులో ఉండాలి. ఆ వేళకి అక్కణ్ణుంచి బస్సు లేదు. పట్నాన్ని ఊడ్చేవాళ్ళు పట్నంలో ఉండకూడదనే ఈ లెక్క ఏ ప్లానింగు పుస్తకంలో ఉందో నాకు తెలియదు గానీ, మనుస్మృతిలో మాత్రం ఉంది.

కాబట్టి కార్యకర్తలతో, విద్యార్థులతో నేను చెప్పేది ఇది. మనం భూమి పోరాటం అంటే ఎకరాల గురించే మాట్లాడుతూ వచ్చాం. పట్నంలో భూమి పోరాటం గజాల్లో, రంగుల్లో జరుగుతుంది. మీ టౌను మాస్టర్ ప్లాను తెప్పించండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద తీసుకోండి. మీ వాడ ఏ రంగులో ఉందో, ఏ సర్వే నంబరో, దాని మీదనుంచి ఎన్ని అడుగుల రోడ్డు గీశారో వాడ మధ్యలో గోడ మీద రాసిపెట్టండి. గెజిట్ చూసే పని ఇంటర్ చదివే పిల్లలకి అప్పగించండి. పాత కాయితం ఏదీ పారెయ్యొద్దు, శివాయిజమా రసీదు కూడా. చనిపోయినవాళ్ళ సమాధుల మీద తేదీలు చెరిగిపోతే మళ్ళా చెక్కించండి, అదీ సాక్ష్యమే. 15 రోజుల గడువు మనకోసం పెట్టింది కాదు. అయినా ఆ పదిహేను రోజులూ మనవి కూడా.

మా ముందు వరస ఇళ్ళ గోడల మీద ఎర్రరంగు నంబర్లు వేసి వెళ్ళారు. అమ్మ ఇంటి నంబరు 17. ఆ రోడ్డుని పడమటి ఖాళీ జాగాలోకి జరపాలని మేం రాసిన అర్జీ పైన ఇంకా నడుస్తోంది.